దొరసాని కూతురి గౌను

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన లేని రోజుల్లో, నది దాటవలసినవాళ్ళు ఎంతటివాళ్ళైనా ఒడ్డున ఆగవలసిందే. ఎండాకాలంలో ఒక పూట ఆగితే చాలు. వరద వచ్చిందంటే వారం, పదిరోజులు. అలా ఆగిపోయే దొరల కోసమే ఒడ్డున ఒక హోటలు ఉండేది. నేను అందులో నాలుగేళ్ళు పనిచేశాను. ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. ఆ ఇంటి గురించి ఊళ్ళో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథలో నా భాగం ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ పోయారు. అందుకే రాస్తున్నాను.

మాది నరసాపురం పక్క పల్లె. మా నాన్న పొలం కూలి. నేను పుట్టకముందే మావాళ్ళు మిషన్‌లో కలిశారు. ఆ పుణ్యాన నాకు నాలుగక్షరాలు వచ్చాయి, ఏడేళ్ళ వయసునుంచే లేసు అల్లడం వచ్చింది. పద్దెనిమిదో ఏట పెళ్ళయింది. ఇరవై నిండకుండానే కలరాలో ఆయన పోయాడు. అత్తగారింట్లో ఉండలేక, పుట్టింటికి బరువు కాలేక మిషన్ బళ్ళోనే ఒక మూల కూర్చుని లేసు అల్లుకుంటూ ఉండేదాన్ని. ఒకరోజు మిషన్ దొరసాని పిలిచి, "రాజమండ్రిలో పెద్ద హోటలుంది. తెరలూ బల్లగుడ్డలూ అన్నీ లేసువే. చూసుకోడానికి చేతి పని తెలిసిన మనిషి కావాలట. వెళ్తావా?" అని అడిగింది. వెళ్తానన్నాను.

కాలవ పడవలో రెండు రోజులు. నీటిమట్టం మార్చే ప్రతి లాకు దగ్గరా గంటలకొద్దీ ఆగుతూ విజ్జేశ్వరం చేరి, అక్కణ్ణుంచి గోదావరి దాటాను. రేవులో నాకోసం హోటలు బట్లరు వచ్చాడు. తెల్ల తలపాగా, మోకాళ్ళ దాకా తెల్ల కోటు, కాళ్ళకి చెప్పుల్లేవు. సముద్రపు ఒడ్డు జాలరి కుటుంబంలో పుట్టినవాడు. హోటలు కట్టిన కొత్తలోనే పన్లో చేరి, ఆ గోడల మధ్యే జుట్టు నెరిపించుకున్నాడు. నన్ను చూడగానే, "మా వైపు పిల్లవే. నన్ను బాబాయ్ అను, చాలు," అన్నాడు.

ఆ ఇంటిని మొదటిసారి చూసినప్పుడు గేటు దగ్గరే ఆగిపోయాను. రెండంతస్తులు. ముందు వరండాకు తెల్లటి స్తంభాలు. గుడ్డుసొన కలిపిన సున్నంతో మెరుగు పెట్టారేమో, దగ్గరకు వెళ్తే మన నీడ అందులో కదిలేది. లోపల హాలు మధ్యనుంచి పైకి టేకు మెట్లు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన రోజుల్లో ఇంజనీర్లూ వర్తకులూ గోదావరి గట్టు మీద దిగబడ్డారు కదా, అప్పుడు హోటలు నడిపే దొరసాని భర్త, నేను వెళ్ళేసరికే పోయినాయన, మన్యం నుంచి తెప్పలు కట్టి దింపిన టేకుతో చేయించాడట ఆ మెట్లని. పియానో కాకినాడ దాకా ఓడలో వచ్చి, అక్కణ్ణుంచి పడవలో వచ్చిందట. గాజు దీపాల గుత్తులు, మనిషెత్తు అద్దాలు, వెండి గిన్నెలు. క్రిస్మసు రోజుల్లో కాకినాడనుంచి కూడా దొరలొచ్చి నాట్యమాడేవారని, రేవులో స్నానానికి వచ్చిన పల్లెజనం గేటు దగ్గర నిలబడి ఆ దీపాలు చూసి పోయేవాళ్ళని బాబాయ్ చెప్పేవాడు.

నేను వెళ్ళేసరికి అందులో సగం వెలుగు లేదు. దీపాల గుత్తులకు గుడ్డలు కట్టేశారు. పియానో మూత తీసేవాళ్ళు లేరు. అయినా ఒడ్డున పోయేవాళ్ళు ఇంకా ఆగి చూసేవారు. ఆ ఇంట్లో పనిచేస్తానంటే కూరగాయల మనిషి కూడా నాతో మర్యాదగా మాట్లాడేది.

నేను ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళకూడదు. టేకు మెట్లు ఎక్కకూడదు. నౌకర్లకు వెనకవైపు ఇనుప మెట్లు వేరే ఉన్నాయి. టేకు మెట్ల కింద ఒక చిన్న గది నాది. తెరలు, దుప్పట్లు, బల్లగుడ్డలు అక్కడికి తెచ్చి పడేస్తే చిరిగినచోట అల్లి, ఊడినచోట కుట్టి ఇవ్వాలి.

దొరసానికి అప్పుడు అరవై ఉంటాయి. పొడుగ్గా, ఎండిన చెరుకులా ఉండేది. ఎప్పుడూ నల్ల బట్టలే. కళ్ళల్లో శుక్లాలు కమ్ముకొస్తున్నాయి, మనిషిని ఎదటే పెట్టుకుని, "ఎవరది?" అనేది. తెలుగు మాత్రం మనలాగే మాట్లాడేది. ఆ తెలుగు ఆవిడ పడవవాళ్ళ దగ్గర నేర్చుకున్నది కాబట్టి, దొరల ముందు అంత హుందాగా కూర్చున్న మనిషి మా వైపు తిరిగితే రేవు భాష మాట్లాడేది. "ఏం పిల్లా, తిన్నావా?" అని అడిగేది. నేను తిన్నానంటే తల ఊపేది. తను మాత్రం ఏమీ తినేది కాదు. పళ్ళెం ఎలా వెళ్ళిందో అలా వెనక్కి వచ్చేది.

ఆవిడకు ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్ళ వయసులో స్టీమరు మీద పాపికొండల వైపు విహారానికి వెళ్ళి, మన్యపు జ్వరంతో తిరిగొచ్చింది. పదకొండు రోజులు పై అంతస్తులో నది వైపు మూలగదిలో పడుకుని పోయింది. నేను వెళ్ళేనాటికి అది జరిగి పద్నాలుగేళ్ళు. ఆ గదిని ఎవరికీ ఇచ్చేవారు కాదు. అందులో ఒక పెట్టె ఉండేది, నిండా ఆ పిల్ల బట్టలు. ఏటేటా వానాకాలంలో వాటిని తీసి, పురుగు కొట్టినచోట బాగుచేసి, వేపాకు పరిచి మళ్ళీ పెట్టాలి. ఆ పెట్టె తాళంచెవి దొరసాని నా చేతికిచ్చింది. "నీ నడుంకి కట్టుకో. ఎవరికీ ఇవ్వకు," అంది.

మూడో ఏడు వానాకాలంలో, పాలమీగడ రంగు పట్టుగౌను ఒకటి బాగుచేయవలసి వచ్చింది. మెడచుట్టూ, ముంజేతుల దగ్గరా ఉన్న లేసు సగం పురుగు తినేసింది. ఆ అల్లిక మా దేశపుది కాదు. మిగిలిన ముక్కను ఎండకు పట్టి, కన్నం కన్నం లెక్కపెట్టి, ఎన్నోసార్లు అల్లి విప్పి చివరికి పట్టుకున్నాను. ఇరవై రోజులు పట్టింది. అయిపోయాక పాతది ఎక్కడ ఆగిందో నాది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

ఆ రోజు గోదావరి పొంగు మీద ఉంది. మధ్యాహ్నం పూట రేవులో కేకలు వినిపించాయి. ఎక్కడో లంక కొట్టుకుపోయి, ఒక గడ్డి ఇల్లు కప్పుతో సహా నది మధ్యలో తేలుతూ వస్తోందని, దాని మీద కుక్క ఉందని. హోటల్లో ఉన్న ఇద్దరు దొరలూ గొడుగులేసుకుని వెళ్ళారు. దొరసానిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. వంటవాళ్ళు, తోటమాలి, బాబాయ్ అందరూ పోయారు. నేను గౌను మడిచి పెట్టెలో పెట్టడానికి ఇనుప మెట్ల మీదుగా మూలగదిలోకి వెళ్ళాను.

అప్పుడు నాకేమైందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఏడేళ్ళ వయసునుంచి లేసు అల్లుతున్నాను. ఏ ఒక్కటీ నా ఒంటిమీద పడలేదు. అల్లినవన్నీ కాగితంలో చుట్టి ఎక్కడికో పంపేసేవారు. ఒక్కసారి వేసుకుంటే ఎలా ఉంటుంది అనిపించింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. చీర విప్పి గౌను తొడుక్కున్నాను. భుజాల దగ్గర పట్టేసింది. వెనక పై బొత్తాలు మూడు పడలేదు. అవి కనపడకుండా పెట్టెలోని లేసు ముసుగు తీసి తలమీంచి కప్పుకున్నాను.

అద్దంలో చూసుకుని తీసేద్దామనే అనుకున్నాను. కానీ అద్దంలో కనిపించిన మనిషి తీసేయనివ్వలేదు. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాను. అక్కణ్ణుంచి టేకు మెట్ల దగ్గరకు. మూడేళ్ళుగా వాటి కింద కూర్చుని, పైన నడిచేవాళ్ళ బూట్ల చప్పుడు వినడమే తప్ప వాటి మీద కాలు పెట్టింది లేదు. ఒక్కొక్క మెట్టే దిగాను. పట్టు కాళ్ళకు తగిలి గరగరలాడింది. హాల్లోకి దిగి, గుడ్డ కట్టిన దీపాల కింద నిలబడ్డాను. ఆ క్షణంలో నేను కూలివాడి కూతురిని కాను, ముండమోసిన దాన్ని కాను.

ఏదో అలికిడైతే తలెత్తాను. ముందు గుమ్మంలో దొరసాని నిలబడి ఉంది. చేతికర్ర పట్టుకుని, ఒంటరిగా, వానలో తడిసి. రేవులో జనం తోపులాటలో విసుగొచ్చి తనే నడిచి వచ్చేసిందని తర్వాత తెలిసింది.

పరుగెత్తితే పట్టుబడతాననిపించింది. వెనక్కి తిరిగి, ఎలా దిగానో అలాగే నెమ్మదిగా మెట్లెక్కాను. వెనకనుంచి ఆవిడ ఒకే ఒక పేరు పిలిచింది. గట్టిగా పిలవలేదు. పసిబిడ్డను నిద్రలేపేటప్పుడు పిలిచినట్టు పిలిచింది. ఆ పేరు నేనిక్కడ రాయను. నేను ఆగలేదు.

గదిలోకి వెళ్ళి, గౌను విప్పి, మడిచి, పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇనుప మెట్ల మీదుగా దిగి నా గదిలో కూర్చున్నాను. ఎవరో వచ్చి జుట్టు పట్టుకుని ఈడుస్తారని సాయంత్రం దాకా ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున్న దొరసాని ఆకుపచ్చ గౌను వేసుకుని కిందికి దిగింది. పదిహేడేళ్ళ నల్లబట్టలు పోయాయి. వంటవాడు చేతిలో పళ్ళెం వదిలేశాడు. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, "ఆకలేస్తోంది," అంది. తిన్నది. తర్వాత ఆ ఇద్దరు దొరలనీ కూర్చోబెట్టి తనకు కనిపించినదంతా చెప్పింది. బాబాయ్‌ని పిలిచి దీపాల గుత్తులు దింపి కడిగించమంది. పియానో బాగుచేసే మనిషి కోసం కాకినాడకు కబురు పెట్టమంది.

ఆ దొరలు వెళ్ళినచోటల్లా కథ చెప్పారు. చలికాలం వచ్చేసరికి గదులు చాలలేదు. దాటవలసిన పని లేనివాళ్ళు కూడా వచ్చి ఆగేవారు. రాగానే మెట్లవైపు చూసేవారు. కుంకుడు రసంతో కడిగిన గాజు గుత్తులు వెలిగితే ఆ వెలుగు నదిలో సగం దూరం పరుచుకునేది. గేటు దగ్గర మళ్ళీ పల్లెజనం నిలబడటం మొదలుపెట్టారు. మెట్ల కింద నా చీకటిగదిలో కూర్చుని పియానో వింటూ, నాట్యమాడే పాదాల చప్పుడు వింటూ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నిజం రాయాలి కదా, గర్వంగా కూడా ఉండేది. అదంతా నావల్లే వెలిగింది.

ఒకనాడు బాబాయ్ నా గది గుమ్మంలో కూర్చుని వెండి చెంచాలు తోముతూ, తలెత్తకుండా అన్నాడు.

"దొరసానులు బూట్లు లేకుండా నడవరమ్మా."

కుడుతున్న దుప్పటి ఒళ్ళోంచి కింద పెట్టాను.

"ఆ రోజు మెట్లమీద ఉత్తకాళ్ళ గుర్తులున్నాయి. మైనం పూసిన చెక్క కదా, అద్దం మీద పడ్డట్టు పడ్డాయి. ఎవరూ చూడకముందు తుడిచేశాను."

"బాబాయ్, నేను కావాలని..."

"నాకేం చెప్పకు. పదిహేడేళ్ళ తర్వాత ఆవిడ అన్నం తింటోంది. నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటాను."

సరేనన్నాను. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది.

సంక్రాంతి వెళ్ళాక ఒక సోమవారం పొద్దున్నే దొరసాని కబురు పెట్టింది. పై వరండాలో కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"నిన్న మళ్ళీ వచ్చింది పిల్లా."

"ఎవరండీ?" అన్నాను, తెలిసీ.

"ఎవరేంటి? నా కూతురు. సాయంత్రం, దీపాలు పెట్టకముందు. మెట్లు దిగి ఆ పియానో దగ్గర నిలబడింది. ఇది నాలుగోసారి."

ఆ ముందురోజు ఆదివారం. పొద్దున్నే ధవళేశ్వరం వెళ్ళి మిషన్ గుడిలో ఆరాధనకు కూర్చుని, అక్కడే తెలిసినవాళ్ళింట్లో భోంచేసి, చీకటి పడ్డాక వచ్చాను. తాళంచెవి నా నడుంకే ఉంది. వరద రోజు తర్వాత ఆ గౌనును నేను ముట్టుకోలేదు. నేను కాక తక్కిన మూడుసార్లు ఎవరు వచ్చారు?

"గౌను దానికి బిగుతుగా ఉంది పిల్లా. భుజాల దగ్గర పట్టేస్తోంది. ఎన్నేళ్ళయింది మరి, ఒళ్ళు చేసి ఉంటుంది. కుట్లు విప్పి వదులు చెయ్యి."

"ఎంత వదులు చెయ్యమంటారండీ?"

ఆవిడ లేచి, తడుముకుంటూ నా దగ్గరకు వచ్చి, రెండు చేతులూ నా భుజాల మీద వేసింది. ఈ చివరనుంచి ఆ చివరకు జానతో కొలిచింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇంచుమించు నీ ఒళ్ళే ఉంటుంది," అంది.

ఆ మాట ఆవిడ తెలిసి అందో తెలియక అందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మూలగదిలోకి వెళ్ళి పెట్టె తీశాను. గౌను నేను పెట్టిన మడతల్లోనే ఉంది. మధ్యలో పరిచిన వేపాకు ఎండి ముట్టుకుంటే పొడైపోతోంది. ఎవరూ కదిపిన జాడ లేదు. కిటికీ పక్కన కూర్చుని, నా కొలతకు ఆ గౌను కుట్లు విప్పి మళ్ళీ వేశాను. పని చేస్తున్నంతసేపూ వెనక ఎవరో నిలబడి త్వరగా కానివ్వమంటున్నట్టు ఉండేది. రెండుసార్లు తిరిగి చూశాను. ఆ తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చుని కుట్టాను.

వేసవి ముందు ఒక డాక్టరు దొర వచ్చి హోటల్లో దిగాడు. దొరసాని కళ్ళు చూసి, వెంటనే మద్రాసు వెళ్ళి కోయించుకోవాలని, ఆలస్యం చేస్తే చూపు దక్కదని చెప్పాడు. కాకినాడలో ఓడ ఎక్కిస్తానన్నాడు. ఆవిడ వెళ్ళనంది. ఆ సంగతి వంటింటి వెనక చేప శుభ్రం చేస్తూ బాబాయ్ చెప్పాడు.

"వెళ్ళదట. తను లేనప్పుడు పిల్ల వస్తే ఇంట్లో ఎవరుంటారు అంటోంది."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

"చెప్పేస్తాను బాబాయ్."

"చెప్తే చచ్చిపోతుందమ్మా."

"చెప్పకపోతే గుడ్డిదైపోతుంది కదండీ. ఆ పాపం నాకెందుకు?"

బాబాయ్ చేప పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. "గుడ్డిదైనా బతికుంటుంది," అన్నాడు. ఆయన నాకు అడ్డం పడలేదు. కానీ ఆ రోజునుంచి నా మొహం చూసి మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ దొరసాని హాల్లో ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. గడ్డి ఇల్లు, కుక్క, గౌను, పడని బొత్తాలు, ముసుగు. ఏదీ దాచలేదు. బాబాయ్ గుర్తులు తుడిచిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ నన్ను తిడుతుందని, కొడుతుందని అనుకున్నాను. కర్ర నేలమీద ఆనించి అలాగే వింది.

"వెళ్ళి ఆ మెట్లెక్కు," అంది.

"అమ్మగారూ..."

"ఎక్కు."

చీరలోనే మెట్లెక్కాను. పై దాకా వెళ్ళి ఆగాను. ఆవిడ చూపు నా వీపుకు తగులుతోంది. "నువ్వే," అంది. "వరద రోజు వచ్చింది నువ్వే. నడక అదే."

దిగి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుస్తున్నాను.

"ఎన్నిసార్లు వేసుకున్నావు?"

"ఒక్కసారేనండి. ప్రభువు తోడు."

"అయితే తక్కినవి?"

"నాకు తెలీదండి. అవి మీ కళ్ళు..."

"నా కళ్ళా?" ఆవిడ నవ్వింది. "మొదటిది నువ్వే పిల్లా. తక్కినవి నా కూతురు. పదిహేడేళ్ళు దానికి దారి తెలియలేదు. నువ్వు తలుపు తీశావు, అది వచ్చింది. నీ మీద నాకు కోపం లేదు."

"మరి మద్రాసు వెళ్ళండమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు. నువ్విక్కడ ఉంటే, మెట్లమీద అలికిడైనప్పుడల్లా అది నా కూతురో నువ్వో అని నాకు అనుమానం వస్తుంది. రేపే వెళ్ళిపో. తాళంచెవి ఇయ్యి."

నడుంనుంచి తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని మొహం నదివైపు తిప్పేసుకుంది.

మర్నాడు రేవు దాకా బాబాయ్ వచ్చాడు. నా మూట పడవలో పెట్టాడు. "తప్పు నీది కాదులే," అన్నాడు. తప్పు నాది కాకపోతే మరి ఎవరిదో చెప్పలేదు.

నరసాపురం వచ్చి మిషన్ బళ్ళోనే పిల్లలకు లేసు నేర్పడానికి కుదిరాను. రెండేళ్ళ తర్వాత కాలవ ఆఫీసు గుమాస్తా ఒకాయన, భార్య పోయినవాడు, నన్ను చేసుకున్నాడు. మంచివాడు. ముగ్గురు పిల్లలు. బయటికి చూస్తే నాకు లోటేమీ లేదు. కానీ ఎక్కడైనా మెట్లెక్కవలసి వస్తే వీపు మీద ఒక చూపు ఆనినట్టుండేది. తిరిగి చూడకుండా ఎక్కడం నేర్చుకున్నాను. నా కూతురు పెద్దదై, తన పెళ్ళికి పాలమీగడ రంగు పట్టు కొనమంటే, ఎందుకో చెప్పకుండా వద్దన్నాను. అది మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత రైలొచ్చింది, వంతెన వచ్చింది. దొరలు రాజమండ్రిలో దిగకుండానే నది దాటిపోతున్నారని, హోటలు పని అయిపోయిందని అనుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒకనాడు మా గుమ్మం ముందు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. తలపాగా లేదు, నడుం వంగిపోయింది. గొంతు విన్నాకే గుర్తుపట్టాను.

"మావాళ్ళ దగ్గరికి పోతున్నానమ్మా, సముద్రం ఒడ్డుకి. దారిలో నిన్ను చూసిపోదామని," అన్నాడు బాబాయ్.

కాళ్ళకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. దొరసాని మద్రాసు వెళ్ళలేదు. నేను వచ్చేసిన రెండో ఏటికే చూపు పూర్తిగా పోయింది. వంతెన మీద మొదటి రైలు వెళ్ళిన చప్పుడు విందిట, ఏంటదని అడిగిందిట. వచ్చేవాళ్ళు తగ్గి, నౌకర్లు ఒక్కొక్కరే పోయి, చివరి ఏడాది ఆ ఇంట్లో ఆవిడా ఈయనా ఇద్దరే మిగిలారట.

"చూపు పోయాక మరీ సంతోషంగా ఉండేదమ్మా," అన్నాడు. "రోజూ సాయంత్రం హాల్లో కూర్చుని అడిగేది, వచ్చిందా అని. వచ్చిందండి, పియానో దగ్గర నిలబడింది అని చెప్పేవాణ్ణి. ఏ రంగు కట్టుకుంది అనేది. ఏదో ఒక రంగు చెప్పేవాణ్ణి."

"మీరెప్పుడైనా నిజంగా చూశారా బాబాయ్?"

ఆయన గుమ్మంవైపు ఓసారి చూసుకున్నాడు.

"నేను చూళ్ళేదమ్మా. కానీ ఒకరోజు జ్వరమొచ్చి వెనక గదిలో పడుకున్నాను. ఆ రోజు ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సాయంత్రం లేచి హాల్లోకి వెళ్తే ఆవిడ ఎవరితోనో మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగి వింటోంది. మనం మాట్లాడుకుంటున్నామే, అలా. నేను వెనక్కి వచ్చేశాను."

ఆవిడ మూలగదిలోనే పోయింది. కూతురి పక్కనే పెట్టారట. బాబాయ్ ఆ పూట మా ఇంట్లో భోంచేసి వెళ్ళాడు. మరుసటేడు ఆయన కూడా పోయాడని కబురొచ్చింది.

క్రితం ఏడు పనిమీద రాజమండ్రి వెళ్ళినప్పుడు దొరల సమాధుల దగ్గరికి వెళ్ళాను. రెండూ పక్కపక్కన ఉన్నాయి. పల్లేరు మొక్కలు కమ్మేశాయి. చేతనైనంత పీకాను. ఒక మాట చెప్పుకుందామనుకున్నాను గాని, క్షమించమని అడగాలో, చెప్పకుండా ఉండవలసిందని అనాలో తెలియలేదు. ఎండ నెత్తికొచ్చేదాకా కూర్చుని లేచాను. హోటలు దగ్గరికి వెళ్ళలేదు. ఎవరో కలప వర్తకులు గిడ్డంగి చేసుకున్నారని చెప్పారు.

తిరుగు రైల్లో నా ఎదురుగా కొవ్వూరు వెళ్ళే ఒకావిడ కూర్చుంది. వంతెన మీదికి రాగానే కిటికీలోంచి చెయ్యి చాపి ఒడ్డువైపు చూపించింది.

"అదిగో అండీ, ఆ తెల్ల స్తంభాల మేడ. ఒకప్పుడు ఎంత వైభవమో! దొరసాని కూతురు దయ్యమై తిరిగేదట. తెల్లగౌను వేసుకుని మెట్లు దిగేదట. మా మేనత్త చూసిందండీ."

"మీ మేనత్తగారా?"

"చూసినవాళ్ళు చూశారని చెప్పిందండీ. ఎంత అందంగా ఉండేదట! దేవకన్యలా ఉండేదట. నిజమేనంటారా?"

గోదావరి కింద వెడల్పుగా, బూడిదరంగులో పారుతోంది. ఒకప్పుడు వారం రోజులు ఆపేసిన నది. రైలు చక్రాల చప్పుడులో నా మాట ఆవిడకు వినపడిందో లేదో.

"అంత అందంగా ఏమీ ఉండేది కాదండి," అన్నాను.

ఆవిడ నావైపు వింతగా చూసి, అంతలోనే నదిలో కాసు విసిరి దణ్ణం పెట్టుకుంది. కొవ్వూరులో దిగిపోయింది. నేను నిడదవోలులో దిగి, మావూరి కాలవ పడవ ఎక్కాను.